కొలకట్టె పాట

సెప్టెంబర్ 14, ఆదివారం

హామిల్టన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ఇషిత ఉతకడానికి తెచ్చిన బట్టల సంచిలో మాస్క్ దొరికింది. కోవిడ్ నాటి మాస్క్ కాదు. మొహమంతా కప్పేసే నల్లటి ఊలు ముసుగు. కళ్లకు రెండు కన్నాలు, నోటికి ఒకటి. నోటి దగ్గర లిప్‌స్టిక్ మరక.

చలికాలం టోపీ అయి ఉంటుంది. సెప్టెంబర్‌లో ఎందుకని అడగలేదు. ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి, సాక్సుల మధ్య ఉంచాను.

సెప్టెంబర్ 16, మంగళవారం

ఇంట్లో రాస్తే మా ఆయన కంటపడుతుంది. అందుకే ఈ పుస్తకం కారులో పెట్టుకున్నాను. నాకు దొరికేది లంచ్ అరగంట. మాత్రలు పరీక్షించే ల్యాబ్ మాది, ఎయిర్‌పోర్టు పక్కనే. పార్కింగ్‌లో కూర్చుంటే విమానాల కడుపులు కనిపిస్తాయి.

ఈ ఎండాకాలమంతా ఇషిత ఫోన్ చేసి తెలుగు మాటలు అడిగింది. “అమ్మా, గుంట అంటే ఏంటి? గుమ్మి అంటే?” పందొమ్మిదేళ్లలో నాకు ఇంగ్లీషులో తప్ప జవాబివ్వని పిల్ల. మురిసిపోయాను. గుంట అంటే పొలం కొలత అని, గుమ్మి అంటే ధాన్యం పోసుకునే పెద్ద బుట్ట అని చెప్పాను. ఈ మాటలు నీకెక్కడివే అని మాత్రం అడగలేదు.

ఇదంతా ఆ నీవ్ వచ్చినప్పటి నుంచే. ఇషితతో పాటు ఇల్లు పంచుకుంటున్న పిల్ల. బెల్‌ఫాస్ట్ నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చింది. హామిల్టన్‌లో ఒక ఐరిష్ పబ్‌లో పని. అక్కడ వారం వారం పాటలు. నేను రేడియోలో విని ఇష్టపడే ఐరిష్ ప్రేమపాటలు కావవి. కొన్ని పాతకాలం జానపదాలు, కొన్ని వాళ్ల భాషలో ర్యాప్. “వాళ్ల తాతలు ఆ భాష మాట్లాడటానికి జంకేవాళ్లట అమ్మా. ఇప్పుడు మనవలు అందులో ర్యాప్ చేసి చార్టులెక్కుతున్నారు” అని ఇషిత కళ్లు పెద్దవి చేసుకుని చెప్పింది. నేను చిక్కుళ్లు ఒలుస్తూ ఊఁ కొట్టాను.

సెప్టెంబర్ 18, గురువారం

ఇవాళ ఏమీ లేదు.

సెప్టెంబర్ 20, శనివారం

పొద్దున ఉప్మా తింటూ ఆయన ఫోన్‌లో వార్త చదివారు. “ఎవరో ఐరిష్ ర్యాపర్లంట, కెనడాలోకి రానివ్వమంటున్నారు. మన ఇషిత వినేది వీళ్లనేనా ఏంటి?”

“పాటలకే రానివ్వరా?” అన్నాను.

“పాటలకో, పాటల మధ్యలో ఏం వాగారో. మనకెందుకులే సూర్యా.”

మా ఆయన జయదేవ్‌ది గుంటూరు వైపు. పాట అంటే ఆయనకు కారులో వచ్చేది. నేను గిన్నెలు సింకులో వేసి సిటిజన్‌షిప్ ఫైల్ చూశాను. రోజూ చూస్తాను. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, ఇన్ ప్రోగ్రెస్. ముగ్గురి పేర్లూ ఒకే ఫైల్‌లో.

సెప్టెంబర్ 23, మంగళవారం

కారు తలుపులు లాక్ చేసుకుని రాస్తున్నాను.

తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో కోదండరామ్ గారు ఒక వీడియో పెట్టారు. నలభై సెకన్లు. చిన్న స్టేజీ, ఎర్ర లైటు. చేత్తో పట్టుకునే డప్పు మీద నీవ్ దరువు వేస్తోంది. ముందు నల్ల ముసుగు వేసుకున్న అమ్మాయి. మొదట నీవ్ వాళ్ల భాషలో నాలుగు ముక్కలు, తర్వాత ముసుగు పిల్ల.

ఎవడు కొలిసిండె నీ మడి, ఓ అక్కా
ఎవడు రాసిండె నీ పేరు
కొలిసినోని చేతి కట్టె, ఓ అక్కా
కోతకోతకు పొట్టిదాయె

మొహం కనిపించలేదు. కనిపించాల్సిన పనీ లేదు. పాడేటప్పుడు ఆ ఎడమ మణికట్టు తిప్పే తీరు నాకు తెలుసు.

పాట కూడా తెలుసు. మా అన్న కట్టిన పాట. ముప్పై మూడేళ్లుగా ఎవరి నోటా వినని పాట.

వీడియో కింద కోదండరామ్ గారు రాశారు: “ఇది మన తెలుగే. ఆ రోజుల్లో కరీంనగర్ జిల్లాలో ఉద్యోగం చేసినవాణ్ని, ఇలాంటి పాటలు ఎవరు పాడేవాళ్లో నాకు తెలుసు. ఇలాంటివాళ్ల వల్ల రేపు మన పిల్లలందరి పర్మిట్లకూ ఎసరు వస్తుంది. ఎవరి అమ్మాయో తెలిస్తే చెప్పండి. పేరెంట్స్‌తో మాట్లాడదాం.”

పదిహేడు మంది బొటనవేలు పెట్టారు.

నేనూ పెట్టాను. పెట్టకపోతే అనుమానం వస్తుందని.

సెప్టెంబర్ 24, బుధవారం

ఇషితకు ఫోన్ చేశాను.

“ఆ పాట నీకెవరిచ్చారే?”

“మామయ్య.”

ఆరు నెలలుగా ప్రతి శనివారం పొద్దున, అక్కడ సాయంత్రం, వీడియో కాల్‌లో మాట్లాడుకుంటున్నారట. జగిత్యాల దగ్గర పంక్చర్ షాపులో కూర్చుని మా వీరభద్రన్న దీనికి పాట నేర్పుతున్నాడు. అన్న ఒకప్పుడు పాడేవాడని వాళ్ల నాన్న మాటల్లో అంటే, ఇది పట్టుకుని వదల్లేదట. మొదట రెండు నెలలు అన్న “నాకు గుర్తు లేదు బిడ్డా” అనేవాడట. తర్వాత ఒకరోజు స్పానర్‌తో బల్ల మీద దరువు వేశాడట.

“మామయ్య పాడటం ఎందుకు మానేశాడమ్మా? అడిగితే నవ్వుతాడు.”

“జలుబు చేసి గొంతు పోయింది.”

“ముప్పై మూడేళ్లు జలుబా?” అంది ఇంగ్లీషులో.

పాడొద్దన్నాను. ఫైల్ సంగతి చెప్పాను. డిసెంబర్‌లో ఇండియా వెళ్లాలి, ఎయిర్‌పోర్టులో ఆపుతారేమో అన్నాను. “పొలం కొలిచే కట్టె గురించిన పాటమ్మా అది” అంది ఇషిత. “ఎవరు ఆపుతారు?”

ఎవరు ఆపుతారో నాకు తెలుసు. ఎలా ఉంటారో కూడా తెలుసు. చాలా మర్యాదగా ఉంటారు.

సెప్టెంబర్ 27, శనివారం

ఇంటి ఎదురుగా తెల్ల వ్యాన్. నిన్న మధ్యాహ్నం నుంచి అక్కడే ఉంది. లోపల ఎవరో ఉన్నట్టే ఉంది. కర్టెన్ వేసి, పక్క సందులోంచి నాలుగుసార్లు చూశాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

వ్యాన్ ఎదురింటివాళ్లకు ఇల్లు వేడిచేసే ఫర్నేస్ మార్చడానికి వచ్చినవాళ్లది. ఆయన వెళ్లి అడిగి వచ్చి పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. కర్టెన్ తీయలేదు.

అక్టోబర్ 1, బుధవారం

ఇషిత పోస్టర్ పంపింది. వచ్చే గురువారం, తొమ్మిదో తారీఖు, పబ్‌లో వాళ్లిద్దరిదే ప్రోగ్రాం. ఐరిష్, తెలుగు. పోస్టర్ మీద రెండు మొహాలు. ముసుగుల్లేవు. కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

“దాక్కుని పాడుతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుందమ్మా. నువ్వూ నాన్నా రండి.”

అక్టోబర్ 2, గురువారం

ఒక పని చేశాను. మంచికే.

కొత్త ఈమెయిల్ ఐడీ ఒకటి తెరిచి ఆ పబ్‌కు నాలుగు లైన్లు రాశాను. తొమ్మిదో తారీఖు ప్రోగ్రాంలో ఒక పాట ఇండియాలో సాయుధ బృందాలు పాడుకునే పాట అని, హింసను ప్రేరేపిస్తుందని, భాష తెలియదు కాబట్టి మీరు విచారించుకుంటే మంచిదని. పేరు పెట్టలేదు. ‘శ్రేయోభిలాషి’ అని పెట్టాను.

ఇది ఫిర్యాదు కాదు. సలహా. ప్రోగ్రాం ఆగిపోతుంది, అంతే. పిల్లలకు ఇంకో వారం ఇంకో పిచ్చి పడుతుంది.

గుండె తేలికైంది. పెరుగన్నం మొత్తం తిన్నాను.

అక్టోబర్ 3, శుక్రవారం

సలహా మాత్రమే.

అక్టోబర్ 7, మంగళవారం

ల్యాబ్‌లో ఉండగా ఇషిత నుంచి మూడు మిస్డ్ కాల్స్. బయటికి పరుగెత్తి చేశాను.

“అమ్మా, పోలీసులొచ్చారు.”

తెలుగులో చెప్పింది. భయమేస్తే తెలుగు వస్తుందన్నమాట నా బిడ్డకు.

పబ్ వాళ్లు భయపడి పోలీసులకు ఫోన్ చేశారట. ఇద్దరు వచ్చారట, ఒకామె, ఒకాయన. షూస్ విప్పమంటారా అని అడిగారట. సోఫాలో కూర్చుని పాట అర్థం అడిగి రాసుకున్నారు. నీవ్ పాస్‌పోర్టు చూశారు, పర్మిట్ ఎప్పటివరకుందో అడిగారు. ఇషితను పుట్టిన ఊరు, అమ్మానాన్నల పేర్లు, మా అడ్రస్ అడిగారు. అరగంట ఉండి, భయపడాల్సిందేమీ లేదని చెప్పి, కార్డు ఇచ్చి వెళ్లారట.

“పాట ఎవరు నేర్పారని అడిగారా?” అన్నాను.

“అడిగారు. మామయ్య పేరు చెప్పాను. చెప్పకూడదా?”

కారు డోర్ పట్టుకుని నిలబడ్డాను. ఒక విమానం నెత్తిమీద నుంచి వెళ్లింది. దాని చప్పుడు పూర్తయ్యేదాకా ఇషిత “హలో, హలో” అంటూనే ఉంది.

అక్టోబర్ 8, బుధవారం

ప్రోగ్రాం క్యాన్సిల్. నీవ్‌కు పబ్‌లో ఈ నెల షిఫ్టులు లేవు.

“ఎవరో కావాలని చేశారమ్మా. తెలుగు తెలిసినవాళ్లెవరో. ఈమెయిల్‌లో అన్నీ తెలిసినట్టు రాశారు” అంది ఇషిత.

“ఎవరో” అన్నాను నేను.

అక్టోబర్ 9, గురువారం

కోదండరామ్ గారే అయి ఉంటారని ఇషిత అంటోంది. నేను కాదనలేదు.

అక్టోబర్ 10, శుక్రవారం

అన్న ఫోన్ చేశాడు. నాకు ఆయన ఎప్పుడోగానీ చేయడు. ఎడమ చెవి వినిపించదు, ఫోన్ కుడి చెవికి మార్చుకునేదాకా హలో అంటూనే ఉంటాడు.

“ఏందే సూర్యా, పోరి ఏడుస్తుంది. పోలీసులొచ్చిండ్రంట?”

“ఏమీ కాదన్నా. ఇక్కడ అలా అడుగుతారు, వెళ్తారు.”

“గట్లనే అంటరు. నాదే తప్పు. గా పాట నేను ఇయ్యకుంట ఉండాల్సింది. అడిగింది గదా అని ఇచ్చిన. శనివారం వస్తుందంటే పొద్దుగాలనే షాపు ఊడ్చి కూసుంటుంటి. ఇగ చెయ్యొద్దని చెప్పిన పోరికి. మాట్లాడుడు వద్దు, పాట వద్దు.”

“అన్నా…”

“ఎవ్వలన్నా చెప్పిండ్రా ఏంది? ఎవ్వలో ఒగలు చెప్తెనే వస్తరు వాళ్లు. ఉట్టిగ రారు.”

నాకు తెలియదన్నాను.

అక్టోబర్ 12, ఆదివారం

థాంక్స్‌గివింగ్ వారాంతం. ఇషిత ఇంటికి రాలేదు. కూరగాయలు తెస్తానని చెప్పి వచ్చి, గ్రోసరీ పార్కింగ్‌లో కూర్చుని రాస్తున్నాను.

నాకు పదకొండేళ్లు. ఆరో తరగతి. అన్నకు ఇరవై రెండు. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, ఊరూరా పాటలు. పొలం కౌలుకిచ్చేవాడి మనిషి కొలకట్టె ఏటా కాస్త కోసుకుని వచ్చేవాడు. అన్న దాని మీద పాట కట్టాడు. ఆ పాట మా ఊరి కంటే ముందు నాలుగు మండలాలు పాడుకున్నాయి. అన్న కోసం పోలీసులు తిరుగుతున్నారని ఇంట్లో అందరికీ తెలుసు. నాకు చెప్పలేదు.

చెప్పారు. ఎవరడిగినా తెలియదనమని అమ్మ నా గడ్డం పట్టుకుని చెప్పింది.

బడి దగ్గరికి తెల్ల చొక్కా ఆయన వచ్చాడు. రేడియో నుంచి వచ్చానన్నాడు. చేతిలో టేప్ రికార్డర్. “మీ అన్న పాట నీకొస్తదా పాపా?” అన్నాడు. వస్తుందని పాడాను. మొదటి నుంచి చివరిదాకా. దాన్ని తిరిగి వినిపించాడు. నా గొంతు నేను మొదటిసారి విన్నది అప్పుడే. నా క్లాసు పిల్లలంతా చుట్టూ మూగారు. “నువ్వే ఇంత మంచిగ పాడితే మీ అన్న ఎంత మంచిగ పాడుతడో. ఏడుంటడు?” అన్నాడు. పెద్దమ్మ వాళ్లింట్లో, అటక మీద అన్నాను.

నన్నెవరూ కొట్టలేదు. బెదిరించలేదు. పొంగిపోయి చెప్పాను.

అన్న పోలీసుల దగ్గర్నుంచి ఇరవై ఆరు రోజులకు ఇంటికొచ్చాడు. ఎడమ చెవి పోయింది. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. గజ్జెలు అమ్మ ఎక్కడ దాచిందో నాకు తెలియదు. జలుబు చేసి గొంతు పోయిందని అందరితో చెప్పమంది. అందరితో చెప్పాను. నాకూ చెప్పుకున్నాను.

ఈమెయిల్ భయంతో రాశానని అనుకుంటున్నాను. కానీ ఆ రోజు నాకు భయం లేదే. ఆ రోజు గొప్ప కోసం చెప్పాను, ఈ రోజు భయపడి చెప్పాను. రెండుసార్లూ నేను పట్టించింది నా వాళ్లనే.

అన్న ఇప్పుడు శనివారాలు షాపు ఊడ్చి కూర్చోడు.

అక్టోబర్ 14, మంగళవారం

లంచ్‌లో, అక్కడ షాపు మూసే వేళ, ఫోన్ చేసి అన్నకు చెప్పాను. ముందు ఈమెయిల్, తర్వాత తెల్ల చొక్కా. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

అవతల టైరుకు గాలి కొడుతున్న చప్పుడు. అది ఆగింది.

“ఏ చెవిల చెప్తున్నవే?” అన్నాడు.

“అన్నా?”

“ఏం లేదు.” ఫోన్ పెట్టేశాడు.

అక్టోబర్ 15, బుధవారం

ఎత్తడం లేదు.

అక్టోబర్ 16, గురువారం

ఎత్తడం లేదు. ఫైల్ చూశాను. ఇన్ ప్రోగ్రెస్.

అక్టోబర్ 18, శనివారం

హామిల్టన్ వెళ్లాను. ఇషిత కారులో ఎక్కి కూర్చుంది. నేను తెచ్చిన పప్పుచెక్కల డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తీస్తోంది. అప్పుడు చెప్పాను.

మూత మళ్లీ పెట్టేసింది. నాలుగు మూలలూ నొక్కి నొక్కి పెట్టింది.

“నువ్వా?”

“నీకేమన్నా అవుతుందని…”

“అయింది కదమ్మా. నువ్వే చేశావు కదా.” ఇంగ్లీషులో అంది. “పోలీసులు వచ్చినప్పుడు నేను ఫస్ట్ ఫోన్ చేసింది నీకు. నువ్వు, ‘ఎవరో’ అన్నావు.”

తెల్ల చొక్కా సంగతీ చెప్పాను. దాచడానికి ఇంకేమీ మిగలకూడదనిపించింది. విన్నది. డబ్బా సీటు మీద పెట్టి దిగిపోయింది. తలుపు గట్టిగా వేయలేదు. మెల్లగా వేసింది. అదే భయపెట్టింది నన్ను.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. కాసేపు ఫ్రిజ్ వైపు చూస్తూ నిలబడ్డారు. “ఫైల్‌కేమీ కాదు కదా?” అన్నారు. వెంటనే తలదించుకుని, “ఛ, నేనేంటి ఇలా అడిగాను” అన్నారు. మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఇద్దరం టీవీ పెట్టకుండా టీవీ ముందు కూర్చున్నాం.

అక్టోబర్ 20, సోమవారం

ఇద్దరూ ఎత్తడం లేదు.

అక్టోబర్ 22, బుధవారం

పబ్‌కు నా అసలు పేరుతో ఈమెయిల్ రాశాను. ఆ శ్రేయోభిలాషిని నేనే అని, వాళ్లలో ఒకమ్మాయి తల్లినని, వచ్చి మాట్లాడతానని.

అక్టోబర్ 25, శనివారం

పబ్ ఓనర్ పేరు మోరీన్. డెబ్బై దగ్గర్లో ఉంటుంది, పొట్టి మనిషి. చిన్నపిల్లగా ఐర్లండ్ నుంచి వచ్చిందట, స్టీల్ ఫ్యాక్టరీలో తండ్రికి పని దొరికి. పదకొండు గంటలకు, ఇంకా తెరవని పబ్‌లో, బల్లల మీద కుర్చీలు బోర్లించి ఉండగా, ఒక్క బల్ల ఖాళీ చేసి నన్ను కూర్చోబెట్టింది. టీ ఇచ్చింది.

ఇషిత పాడే రెండు చరణాలూ ఒక్కో లైనూ ఇంగ్లీషులో చెప్పాను. కట్టె పొట్టిదైతే ఎవరికి నష్టం అని అడిగింది.

“కట్టె పొట్టిదైతే, అదే పొలం ఎక్కువ కట్టెలు వస్తుంది. గుంట పొలాన్ని గుంటన్నర అని రాస్తారు. కౌలు పెరుగుతుంది.”

“ఓహో” అని బల్ల మీద కొట్టింది. “మంచి దొంగ.” తర్వాత మొహం మారింది. “ఇందులో హింస ఎక్కడుంది? నీ ఈమెయిల్‌లో రాశావే.”

లేదన్నాను.

“అది చదివాక మూడు రోజులు నేను ఆ తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలికొచ్చే ప్రతి మనిషి చేతులూ చూశాను. ఇరవై ఏళ్లుగా వచ్చేవాళ్ల చేతులు కూడా. నీకు తెలుసా అదెలా ఉంటుందో?”

తెలుసన్నాను. బాగా తెలుసన్నాను.

మోరీన్ నా కప్పులో ఇంకాస్త టీ పోసింది. నీవ్‌కు షిఫ్టులు తిరిగి ఇస్తానంది. పోస్టర్లు వేసి ప్రోగ్రాం మాత్రం ఇప్పట్లో పెట్టనంది, తన వల్ల కాదంది. “ఆదివారం మధ్యాహ్నం ఎవరైనా వచ్చి పాడొచ్చు. దానికి నా పర్మిషన్ అక్కర్లేదు.”

ఆ పాటకు మూడో చరణం కూడా ఉందని ఆమెకు చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. భయమేసింది.

అక్టోబర్ 29, బుధవారం

అన్న ఫోన్. పదిహేను రోజులకు.

“మల్లేశం యాదికున్నడా నీకు?”

పెద్దమ్మ కొడుకు. ఆ అటక ఉన్న ఇల్లు వాళ్లదే. ఉన్నాడన్నాను.

“వాడే చెప్పిండనుకున్న. ఇంట్ల ఉన్నది వాడొక్కడే గదా మరి. ముప్పై మూడేండ్లు వాని మొఖం చూడలె. వాని బిడ్డ లగ్గానికి పిలిస్తె పోలె. కరోనల పాణం పోతుంటె ఒక్కసారి రమ్మని కబురంపిండు. పోలె.”

నా చేతిలో చెంచా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“మొన్న వాళ్లింటికి పొయ్యి వాని పెండ్లానికి చెప్పొచ్చిన. నీ మొగడు కాదమ్మా, నాదే తప్పు అని. ఏడ్వలె ఆమె. నీళ్లిచ్చింది. నువ్వొచ్చినప్పుడు నువ్వు గూడ చెప్పుకో. నేను చెప్పేది చెప్పిన, నీది నువ్వు చెప్పాలె.”

“నా మీద కోపం ఉందా అన్నా?”

“ఉన్నది” అన్నాడు. “పదకొండేండ్ల పొల్లవు నువ్వు. గది తెలుసు నాకు. అయినా ఉన్నది. ఏం జెయ్యాలె దాన్ని?”

పెట్టేసే ముందు అన్నాడు, “పోరితోని మాట్లాడుతున్న శనివారం. మల్ల నువ్వేడ అడ్డం పడ్తవో.”

నవంబర్ 2, ఆదివారం

ఇంటికి వెళ్లేలోపు రాసేయాలి. ఆయన కాఫీ తేవడానికి వెళ్లారు.

మధ్యాహ్నం రెండున్నరకు ఇద్దరం పబ్‌లో మూల బల్ల దగ్గర కూర్చున్నాం. రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దనీ అనలేదు. మధ్యలో గుండ్రంగా పదిమంది. ఫిడేళ్లు, ఒక వేణువు, నీవ్ డప్పు. ఒక ముసలాయన ఓడెక్కి వెళ్లిపోయినవాళ్ల పాట కళ్లు మూసుకుని పాడాడు. తర్వాత రేడియోలో రోజూ వచ్చే ఐరిష్ పాటేదో మొదలైతే పబ్ అంతా అందుకుంది. ఆయన కూడా బల్ల మీద తాళం వేశారు.

అప్పుడు ఇషిత లేచింది. నీలం స్వెట్టర్. మొహం మీద ఏమీ లేదు.

మొదటి లైనుకే బార్ దగ్గర ఒకతను ఫోన్ పైకెత్తాడు. నేను లేచాను. రెండడుగులు వేశాను. ఏం చేయడానికి లేచానో నాకిప్పటికీ తెలియదు. అతను ప్లేటులో తన చేపముక్కలను ఫొటో తీసుకుని ఫోన్ దించాడు. నేను అక్కడే నడిమధ్యలో నిలబడిపోయాను. పాట అంతా నిలబడే విన్నాను. రెండు చరణాలు. చప్పట్లు. మోరీన్ బార్ వెనక నుంచి చేతులు తుడుచుకుంటూ చూసింది, తలుపు వైపు కూడా ఒకసారి చూసింది.

తర్వాత నేనొచ్చి కారులో కూర్చున్నాను. ఇషిత వచ్చి పక్క సీటులో ఎక్కింది.

“నీతో మాట్లాడాలని కాదు. చలిగా ఉంది” అంది ఇంగ్లీషులో.

హీటర్ పెట్టాను.

“మామయ్య రెండే చరణాలంటాడు. కానీ పాట అక్కడ అయిపోయినట్టు లేదు. ప్రతిసారీ గాల్లో వదిలేసినట్టుంటుంది నాకు. ఇంకోటి ఉంది కదా?”

లేదందామనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

“ఉంది.”

ఫోన్ తీసి రికార్డర్ నొక్కి, గేర్ పక్కన పెట్టింది. దానిమీద ఎర్ర చుక్క వెలిగింది. దాన్ని చూస్తూ పాడటం నా వల్ల కాలేదు. మొదట మాటలుగా చెప్పాను. “అలా కాదు, పాడు” అంది. అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ పాడాను.

కట్టె నడుమ ఇరిసెయ్యే, ఓ అక్కా
కాగు కింద పొయిల బెట్టు
బువ్వ ఉడికినంక మల్ల, ఓ అక్కా
మనం కొలుద్దాం ఆ మడి

ఇషిత రికార్డర్ ఆపింది. తర్వాత, “ఇంత చిన్నదానికా?” అంది. తెలుగులో.

ఇంత చిన్నదానికే అన్నాను.

నన్నడక్కుండానే దాన్ని వాళ్ల మామయ్యకు పంపింది. నేను ఆపేలోపు వెళ్లిపోయింది. దిగేటప్పుడు, వచ్చే ఆదివారం బట్టలు తెస్తానంది.

నవంబర్ 3, సోమవారం

లంచ్. అన్న నుంచి వాయిస్ మెసేజ్, నాకూ ఇషితకూ కలిపి.

“మూడోది నేనే చెప్పలె పోరికి, ఏమన్నయితదని. నీకెట్ల యాదికున్నదే సూర్యా ఇన్నేండ్లు? గానీ తప్పు పాడినవ్. ‘మనం కొలుద్దాం’ కాదు, ‘మనమే కొలుద్దాం’. గట్లయితేనే దరువుల కూసుంటది. ఇగో, ఇను.”

తర్వాత పాడాడు. ఆ ఒక్క లైనే. గొంతు పగిలిపోయి, సగంలో దగ్గొచ్చి ఆగి, మళ్లీ మొదటి నుంచి అందుకుని. వెనక ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి, మూడోసారి పాడాడు.

నేను పదకొండేళ్లప్పుడు కూడా ‘మనం’ అనే పాడి ఉంటాను. ఆ టేపులో అలాగే ఉండి ఉంటుంది.

ఫైల్ ఇంకా ఇన్ ప్రోగ్రెస్‌లోనే ఉంది. కోదండరామ్ గారు గ్రూపులో మళ్లీ ఏదో పెట్టారు, తెరవలేదు. డిసెంబర్ టికెట్లు మార్చలేదు. ఇమిగ్రేషన్ లైను తలచుకుంటే భయమే. కానీ దాని తర్వాత జగిత్యాల బస్సు దిగి, పెద్దమ్మ వాళ్లింటి గడపలో నిలబడాలి. అది తలచుకుంటే ఇమిగ్రేషన్ లైనే నయమనిపిస్తోంది.

మల్లేశం భార్య పేరు నాకు తెలియదు. అన్నను అడగాలి.